నురుగు తీయని సముద్రం

పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురుగును గరిటెతో తీసి పారేస్తాం. ఉప్పునీటి అక్వేరియంలో ప్రొటీన్ స్కిమ్మర్ పనీ అదే. నిలువు గొట్టంలోకి సన్నని గాలి బుడగలు వదిలితే, నీటిలో కరిగిన ప్రొటీన్లు, జిడ్డు పదార్థాలు వాటిని అంటుకుని పైకొచ్చి కప్పులో మురికి నురుగుగా చేరతాయి. కుళ్లి అమ్మోనియా కాకముందే చాలా చెత్త బయటికి పోతుంది. జర్మనీ అభిరుచిపరులు పెంపొందించిన బెర్లిన్ పద్ధతిలో స్కిమ్మర్, సముద్ర జీవులు కాపురముండే లైవ్ రాక్ జంటగా నిలిచాయి. స్కిమ్మర్ లేకుండా పగడాలు పెంచలేమన్న నమ్మకమూ అలాగే పాతుకుపోయింది.

నిజానికి స్కిమ్మర్ లేని సంప్రదాయమే అంతకంటే ముందుది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' పత్రికలో తన పద్ధతిని రాశాడు. సముద్రపు నీరు, సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్లు, వెలుతురు, నెమ్మదిగా పైకొచ్చే గాలి బుడగలు, అంతే. చనిపోయిన పగడాల అస్థిపంజరాలను తెల్లగా కడిగి అలంకారానికి పెట్టుకునే రోజులవి. ఆయన తొట్టెలో పగడాలు బతికే ఉండేవి. సముద్రం చేరువలో ఉండటం ఆయనకు కలిసొచ్చిందన్న మాట నిజమే. కానీ ఆలోచన మాత్రం దూరం వెళ్లింది.

స్కిమ్మర్ తీసేశామంటే ఆ పని మాయమవదు, ప్రాణులకు బదిలీ అవుతుంది. రాతి పైపొరలో ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోతట్టు రంధ్రాల్లో ఉండే మరో జాతి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. పది సెంటీమీటర్లకు మించి సన్నని ఇసుక పరిచినా అడుగున ఇదే జరుగుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ జోబెర్ ఇసుక కింద నీటి ఖాళీని ఉంచి ఇంకో తీరు రూపొందించాడు. మొనాకో సముద్ర విజ్ఞాన మ్యూజియంలో పెద్ద తొట్టెనే అలా నడిపించారు. ఒక్క హెచ్చరిక: లోతైన ఇసుకను అడుగుదాకా కెలకకూడదు. కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ లేచిందంటే చేపలకు ముప్పే. పైపొరను కదిలించే పని చిన్న పురుగులకూ నత్తలకూ వదిలేయడం మేలు.

ఫాస్ఫేట్ సంగతి వేరు. అది వాయువై పోదు, ఎవరో ఒకరు తిని బయటికి మోయాల్సిందే. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ ఆ పని నాచుకు అప్పగించాడు. గట్టి దీపం కింద జాలీ మీద నీరు పారిస్తే నాచు దట్టంగా పెరిగి పోషకాలను పీల్చుకుంటుంది. దాన్ని గీకి పారేయడమే శుభ్రత. గీకకుండా వదిలేస్తే ఊడి కుళ్లి, తాగినదంతా తిరిగి నీటిలోనే కక్కుతుంది. ఇళ్లలో చాలామంది పక్క తొట్టెలో కీటోమార్ఫా అనే తీగలాంటి నాచు పెంచి, గుప్పెడు గుప్పెడు తీసేస్తుంటారు. దాని దీపం రాత్రిపూట వెలిగించడంలో ఒక తెలివి ఉంది. చీకట్లో పగడాలూ చేపలూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఆ నాచు వాడుకోవడంతో తెల్లవారేసరికి పీహెచ్ మరీ పడిపోదు.

స్కిమ్మర్ లేని ఈ పద్ధతిలో తొట్టెలు ఎక్కువగా దెబ్బతినేది మురికి వల్ల కాదు, ఊపిరాడక అన్నది నా అభిప్రాయం. స్కిమ్మర్ నురుగుతోపాటు గాలినీ నీటిలో కలుపుతుంది. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు. అది లేనప్పుడు పంపు మూతిని నీటి ఉపరితలం వైపు తిప్పి అలలు లేపాలి, పైన జిడ్డు పొర కట్టకుండా చూడాలి, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచాలి. నీరు పసుపు తిరిగితే యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి. మెత్తని లెదర్ పగడాలు పొరుగు పగడాలపైకి వదిలే విషాలనూ అది కొంత పట్టేస్తుంది. ఆవిరైన నీటి బదులు రాత్రిళ్లు సున్నపు తేటను బొట్టు బొట్టుగా వదిలితే కాల్షియం అందుతుంది. ఒక్కసారిగా పోస్తే మాత్రం పీహెచ్ ఎగబాకి ప్రాణం మీదికొస్తుంది.

ఇంత శ్రమకు ఫలితం? స్కిమ్మర్ చెత్తతోపాటు పగడాలకు ఆహారమయ్యే సూక్ష్మజీవులనూ కొంత ఊడ్చేస్తుంది. అది లేని తొట్టెలో స్పాంజీలు, ఈకల పురుగులు, మెత్తని పగడాలు నీటిలోంచే మేత ఏరుకుంటాయి. అయితే చేపలు గుంపుగా కావాలనుకునేవారికి, అక్రోపోరా వంటి సున్నితమైన రాతి పగడాలు మోజుపడేవారికి నేను స్కిమ్మరే కొనమంటాను. చిన్న చేపలు కొన్ని, కొద్దిపాటి మేత, క్రమం తప్పని నీటి మార్పిడి, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలు. వీటికి ఓపిక ఉన్నవారికే స్కిమ్మర్ లేని ఈ దారి.

లీ చిన్ ఎంగ్‌లా సముద్రంలోంచి రాయి తెచ్చుకోవడం మాత్రం మనకు కుదరదు. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని సేకరించడం, అమ్మడం నేరం. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో వచ్చిందంటూ ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే కొనకండి. కృత్రిమ రాయి పెట్టి, బ్యాక్టీరియా వేసి, అది ప్రాణం పోసుకునే దాకా నెలల తరబడి ఆగండి.