కనిపించే అక్షరం, నిలిచే అక్షరం: తెలుగు సాఫ్ట్‌వేర్‌పై వాడుక అభిప్రాయాల విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

కర్ణాటకను ఆనుకొని ఉన్న ఆంధ్రప్రదేశ్ మండలాల్లో అమరాపురం ఒకటి. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోను, 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలోను ఉండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతానికి పాలనా హద్దులు పలుమార్లు మారాయి. భాషా స్వభావం మాత్రం మారలేదు. తెలుగు, కన్నడం ఇక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి. కన్నడ మాధ్యమంలో బోధించే ప్రభుత్వ పాఠశాలలు కూడా ఉన్నాయి. ఈ మండలంలోని హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని హెంజేరు. తెలుగు, కన్నడ లిపులు ఇంకా వేరుపడని కాలపు రాతకు ఈ ప్రాంతపు శాసనాలు సాక్ష్యాలు.

ఇటువంటి ఊళ్లలో నేడు రాతపని ప్రధానంగా డీటీపీ కేంద్రం చేతిలో ఉంది. శుభలేఖ, కరపత్రం, దరఖాస్తు, ప్రశ్నపత్రం, చివరకు పరిశోధన గ్రంథం కూడా అక్కడే అక్షరరూపం పొందుతాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ గురించి సాధారణంగా వినిపించే అభిప్రాయాలు మూడు. అక్షరం అందంగా ఉంటే చాలుననేది మొదటిది. చేయి వేగంగా సాగితే చాలుననేది రెండవది. ఫైలు తెరుచుకుంటే చాలుననేది మూడవది. వీటిని సాంకేతిక విషయాలుగా భావించి సాహిత్య పరిశోధన ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి ఇవి అక్షరమంటే ఏమిటి, పాఠమంటే ఏమిటి అన్న ప్రశ్నలకు తెలియకుండానే ఇచ్చిన సమాధానాలు. ఈ మూడు అభిప్రాయాలూ రాసేవాడి అవసరాన్ని సరిగానే గుర్తించాయని, తరువాత చదివేవాడిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అందం: రూపానికీ వర్ణానికీ మధ్య భేదం

అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత స్థానం లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చారు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వేర్వేరు ముక్కలుగా చేరి కంటికి అక్షరంగా కనిపిస్తాయి. ఫైలులో నిలిచేది ముక్కల వరుసే తప్ప వర్ణాల వరుస కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఆ ఫైలు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మిగులుతుంది.

యూనికోడ్‌లో అమరిక ఇందుకు భిన్నం. 1991లో వెలువడిన తొలి ప్రమాణం నుండే తెలుగుకు 128 స్థానాల ప్రత్యేక విభాగం ఉంది. అందులో ‘క’ సంఖ్య 3093. ‘క్ష’ అనే సంయుక్తాక్షరం ఫైలులో కకారం, పొల్లు, షకారం అనే మూడు సంఖ్యలుగా నిలుస్తుంది. దానిని తెరపై ఎలా గీయాలో ఫాంటు చూసుకుంటుంది. వర్ణక్రమం ఒకచోట, లేఖన రూపం మరొకచోట ఉండే ఈ ఏర్పాటు తెలుగు వ్యాకరణం చదివినవారికి కొత్తది కాదు. హల్లుకు హల్లు చేరితే సంయుక్తమవుతుందన్న సూత్రాన్నే యంత్రం అనుసరిస్తున్నది.

యూనికోడ్ అక్షరం అందంగా ఉండదన్న అభిప్రాయం ఒక కాలంలో అకారణమైనది కాదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు తెరపై పనికి వచ్చినా, పుస్తక ముద్రణకు అలవాటుపడిన కంటిని తృప్తిపరచలేదు. అంతకంటె పెద్ద అడ్డంకి పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ సంస్థ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001 నాటి 7.0 దాని చివరి ప్రధాన రూపం. అందులో యూనికోడ్‌కు చోటు లేదు. యూనికోడ్ తెలుగును అందులో అతికించి, అక్షరాలు చెడిపోవడం చూసినవారు ఆ లోపాన్ని యూనికోడ్‌కే అంటగట్టారు. నిజానికి అది పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ లోపం. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 నుండి భారతీయ లిపులను కూర్చే ఏర్పాటు ఉంది. సిలికానాంధ్ర తోడ్పాటుతో వెలువడిన మండలి, సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకొనే అనుమతితో గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి. కనుక అందం గురించిన ఆక్షేపణకు ఇప్పుడు మునుపటి బలం లేదు. ఆక్షేపణకు కారణం తొలగిన తరువాత కూడా అది అభిప్రాయంగా కొనసాగడమే ఇక్కడ గమనించవలసిన అంశం.

వేగం: చేతి అలవాటు, ఫైలు రూపం

డీటీపీ వృత్తిలో వేగమంటే జీవనోపాధి. పదిహేనేళ్లు యాపిల్ కీబోర్డు అమరికపై పనిచేసిన వ్యక్తిని ఇన్‌స్క్రిప్ట్‌కు మారమంటే, ఆ మార్పు ఖర్చు ఆయన రోజుకూలిపై పడుతుంది. యూనికోడ్‌ను సమర్థించిన వ్యాసాల్లో ఈ సంగతికి తగిన స్థానం దక్కలేదు. మార్పుకు ఒప్పుకోనివారిని ఛాందసులుగా చూడడం న్యాయం కాదు. వాడేవారి చేతిని లెక్కచేయని ప్రమాణం ఎంత శాస్త్రీయమైనదైనా ప్రచారంలోకి రాదు.

అయితే ఈ వాదనలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయి. ఏ మీట నొక్కాలనేది ఒకటి, ఫైలులో ఏమి నిలవాలనేది మరొకటి. మొదటిది మారకుండానే రెండవది మారవచ్చు. లైనక్స్‌లో వాడే ఎం17ఎన్ కీబోర్డుల కూర్పులో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, ఆర్‌టీఎస్, పోతన అమరికలు కూడా ఉన్నాయి. వీటిలో దేనితో కొట్టినా ఫైలులో నిలిచేది యూనికోడే. యూనికోడ్‌కు మారడమంటే కొత్త కీబోర్డు నేర్చుకోవడమే అన్న భయానికి ఆధారం లేదని దీనివల్ల తేలుతుంది. అటువంటి పనిముట్లు విండోస్ వాడే చిన్న ఊళ్ల కేంద్రాలకు సులభంగా, నేర్పేవారితో సహా చేరవలసి ఉంది. ఆ లోటు సాంకేతికతది కాదు, ప్రచారానిది.

అమరాపురం వంటి చోట ఇన్‌స్క్రిప్ట్‌కు మరొక ప్రయోజనం ఉంది. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి పునాదిపై ఏర్పడిన ఆ అమరికలో తెలుగు కకారానికీ కన్నడ కకారానికీ మీట ఒకటే. ఒక భాషలో చేయి తిరిగితే రెండవ భాషకు మళ్లీ మొదటినుండి శిక్షణ అవసరం లేదు. తెలుగుకు యాపిల్ అమరిక, కన్నడానికి నుడి అమరిక వాడేవారు మాత్రం రెండు విద్యలు నేర్వవలసిందే.

తెరుచుకోవడం: పీడీఎఫ్ ఇచ్చే భ్రమ

ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకోవాలన్న కోరిక సమంజసమైనదే. దానికి దొరికిన సులభోపాయం పీడీఎఫ్. ఫాంటును తనలోనే ఇముడ్చుకొనే ఈ రూపంలో పుట ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది. అందువల్ల పీడీఎఫ్ చేశాక ఇక చింత లేదన్న అభిప్రాయం స్థిరపడింది.

పుట కనిపించడం వేరు, పాఠం అందడం వేరు. పాత ఫాంటులో కూర్చిన పీడీఎఫ్ నుండి ఒక పేరాను తీసి మరొకచోట అతికిస్తే తెలుగు రాదు. అందులో ఒక పదాన్ని వెదికితే, కళ్లెదుట ఉన్న పదం కూడా లేదనే సమాధానం వస్తుంది. చూపులేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది మూగపుట.

ఈ లోపం విశ్వవిద్యాలయాలకు నేరుగా సంబంధించినది. పరిశోధన గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధన చేసింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధగంగ ఆ గ్రంథాలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అయితే పాత ఫాంటులో కూర్చిన తెలుగు గ్రంథం అక్కడ చేరినా, గ్రంథనామం, పరిశోధకుడి పేరు వంటి సూచిక వివరాల ద్వారానే తప్ప లోపలి మాట ద్వారా దొరకదు. నొళంబుల గురించి, సరిహద్దు మాండలికం గురించి, ఒక జానపద గేయ భేదం గురించి ఎవరైనా ముందే రాసి ఉన్నా, తరువాతి పరిశోధకుడు దానిని చూడకుండానే అదే పని మళ్లీ చేయవచ్చు. పూర్వ పరిశోధనల సమీక్ష అనే అధ్యాయం అసంపూర్ణమవడానికి పరిశోధకుడి అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. ఫైలు రూపం కూడా కారణమే.

రెండు లిపుల సాక్ష్యం

పాత పద్ధతి లోపం ఒక్క భాష ఉన్నచోట కంటె రెండు భాషలున్న చోట స్పష్టంగా బయటపడుతుంది. తెలుగుకు ఒక సంస్థ ఫాంటు, కన్నడానికి మరొక ఫాంటు వాడినప్పుడు ఈ రెండు ఫైళ్లలోని ముక్కల వరుసలకు ఏ పొంతనా ఉండదు. ఒకే వ్యక్తి పేరు, ఒకే ఊరి పేరు రెండు లిపుల్లో ఉంటే అవి రెండూ ఒకటేనని యంత్రం గుర్తించే మార్గం లేదు.

యూనికోడ్‌లో తెలుగు విభాగం 3072 నుండి 3199 వరకు, కన్నడ విభాగం 3200 నుండి 3327 వరకు ఉన్నాయి. రెండింటికీ భారతీయ ప్రమాణమైన ఇస్కీ మూలం కావడంతో అక్షరాల వరుస చాలావరకు సమానం. తెలుగు కకారం 3093 అయితే కన్నడ కకారం 3221. భేదం 128. గుణింతపు గుర్తులకు, పొల్లుకు కూడా ఇదే భేదం వర్తిస్తుంది. తెలుగుకే ప్రత్యేకమైన కొన్ని గుర్తులను మినహాయిస్తే, ఒక కూడికతో తెలుగు పాఠం కన్నడ లిపిలోకి మారుతుంది. హేమావతి శాసనాల నాటి లిపిసంబంధం సంఖ్యల రూపంలో మళ్లీ కనిపించడం ఆసక్తికరం. తల్లిదండ్రులు తెలుగు లిపి, పిల్లలు కన్నడ లిపి చదివే కుటుంబానికి ఒకే సమాచారాన్ని రెండు లిపుల్లో అందించడం ఈ అమరిక వల్ల సాధ్యం. పాత ఫాంట్లు ఈ బంధుత్వాన్ని పూర్తిగా మరుగుపరిచాయి.

ప్రమాణంలోని చిక్కులు

యూనికోడ్ నిర్దోషమని చెప్పడం విమర్శ కాదు. ఐత్వం ఇందుకు ఉదాహరణ. దానిని 3144 అనే ఒక సంఖ్యగా నిలపవచ్చు. 3142, 3158 అనే రెండు సంఖ్యల కలయికగానూ నిలపవచ్చు. కంటికి రెండూ ఒకటే. ఈ రెండింటినీ సమానం చేసే ఏర్పాటు లేని సాఫ్ట్‌వేర్‌లో వెదుకులాట తప్పుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలోనే టకారం కింద వకారం వత్తుగా చేరకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు కావాలి. దానిని వాడినవారి మాట, వాడనివారి మాట వేర్వేరుగా నమోదవుతాయి.

2018 ఫిబ్రవరిలో ఇదే గుర్తు కారణంగా తెలుగు లోకవార్త అయింది. ‘జ్ఞా’ అక్షరంలో దీర్ఘానికి ముందు ఆ గుర్తు చేరిన వరుస ఎదురైతే ఐఫోన్‌లోని యాప్‌లు నిలిచిపోయాయి. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సంస్థ దానిని సవరించింది. తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తున్నదని అప్పుడు ప్రచారమైంది. దోషం అక్షరానిది కాదు, దానిని గీసే సాఫ్ట్‌వేర్‌ది. పేజ్‌మేకర్ విషయంలో జరిగిన పొరపాటు ఇక్కడ మరింత పెద్ద స్థాయిలో పునరావృతమైంది. తెలుగును పరీక్షించి చూసే శ్రద్ధ పరిశ్రమకు ఎంత తక్కువో కూడా ఈ ఘటన వల్ల తెలిసింది.

ప్రమాణం పెరుగుతున్న తీరు కూడా పండితులు తెలుసుకోదగినది. దంత్య చ, జలకు (ౘ, ౙ) యూనికోడ్‌లో 2008లో స్థానం లభించింది. మాండలిక పాఠాలను ఉచ్చారణ భేదంతో నమోదు చేయాలనుకొనేవారికి ఇది ముఖ్యం. సాక్ష్యాధారాలతో కోరితే గుర్తులు చేరుతాయి. ఆ సాక్ష్యాలను సమకూర్చగలిగినవి భాషా శాఖలే.

పాఠపరిష్కరణ దృష్టి

కడపలో పండితులను సమావేశపరచి, ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి చూసిన సి.పి. బ్రౌన్ కృషి రాయలసీమకు సుపరిచితం. ఆ పద్ధతిలో లేఖక దోషాలను గుర్తించడం ప్రధానమైన పని. తాటాకుపై లేఖకుడు ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా పొరబడతాడో తెలిస్తేనే శుద్ధపాఠం తేలుతుంది. పాత ఫాంటు ఫైళ్లను యూనికోడ్‌కు మార్చేటప్పుడు అటువంటి దోషాలే కొత్తగా పుడుతున్నాయి. ‘స్త్రీ’ అనే అక్షరానికి వత్తులు ముందు కొట్టినా, గుడిదీర్ఘం ముందు కొట్టినా పాత పద్ధతిలో కనిపించే రూపం ఒకటే. మార్చే సాఫ్ట్‌వేర్ ఒక క్రమాన్నే ఊహిస్తే రెండవది చెదిరిపోతుంది. వీటిని మార్పిడి దోషాలు అనవచ్చు. లేఖక దోషాలవలె ఇవి కూడా కొన్ని నియమాలకు లోబడి వచ్చేవే. కనుక వర్గీకరించి సవరించడానికి వీలుంది. ఈ పని యంత్రం తెలిసినవారితోనే పూర్తికాదు. ఏది పాఠమో, ఏది దోషమో తేల్చగలిగిన భాషావేత్త తోడు కావాలి.

ముగింపు

అందం, వేగం, తెరుచుకోవడం అనే మూడు కొలతలూ అవసరమైనవే. వాటికి నాలుగవ కొలతగా తిరిగి చదవగలగడం చేరాలి. ఫాంటు లేనిచోట, సాఫ్ట్‌వేర్ తయారీ ఆగిపోయిన తరువాత, రాసినవాడు లేని కాలంలో కూడా పాఠం పాఠంగా మిగలాలన్నదే ఆ కొలత. తెలుగు శాఖలు గ్రంథ సమర్పణలో పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని కూడా కోరడం, ఇప్పటికే ఉన్న పాత ఫాంటు ఫైళ్లను అవి తెరుచుకొనే కంప్యూటర్లు మూలపడకముందే మార్పించడం, మార్పిడి దోషాల పట్టికను పాఠపరిష్కరణలో భాగంగా బోధించడం వెంటనే చేయదగిన పనులు. ఈ భారాన్ని డీటీపీ కేంద్రంపై మోపి ఊరుకోవడం తగదు. అక్కడివారు అడిగిన రూపంలో పని చేసి ఇస్తారు. ఏ రూపంలో అడగాలో నిర్ణయించవలసినది అడిగేవారే.