తగరపు పూతపై తులిప్: తొలి ఆంగ్ల పళ్లేల పుష్పాలంకరణ

17వ శతాబ్ది ఉత్తరార్ధంలో లండన్, బ్రిస్టల్ పరిసరాల కుమ్మరులు చేసిన తులిప్ పళ్లేలను హాలెండ్‌ తులిప్ వ్యామోహానికి ప్రతిధ్వనిగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ వ్యాఖ్య కాలక్రమం వద్దనే బలహీనపడుతుంది. ఆ వ్యాపారం 1637 ఫిబ్రవరిలోనే కుప్పకూలింది. ఆంగ్ల పళ్లేలపై తులిప్ విస్తారంగా కనిపించేది 1660 తర్వాత. అప్పటికది ఇంగ్లండులో కొత్త పువ్వు కూడా కాదు. జాన్ జెరార్డ్ 1597లో వెలువరించిన మూలికా గ్రంథంలోనే దానికి చోటు దక్కింది.

చిత్రాన్ని పరిశీలిస్తే మరో చిక్కు ఎదురవుతుంది. నడుమ ఒక పెద్ద తులిప్, దాని మొదలు నుంచే ఇరువైపులా వంగిన కొమ్మలు, వాటికి మరికొన్ని తులిప్‌లు, కొన్నిచోట్ల కార్నేషన్లు. ఏ తోటలోనూ ఇటువంటి మొక్క మొలవదు. తులిప్‌ను, కార్నేషన్‌ను ఒకే కుదురు నుంచి విప్పార్చే ఈ కూర్పు 16వ శతాబ్దపు ఇజ్నిక్ పళ్లేలకు సన్నిహితం. అయితే ఇజ్నిక్ కళాకారుల గాఢమైన ఎరుపు ఇక్కడ లేదు. దాని స్థానంలో పసుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ వర్ణాలున్నాయి.

ఈ రూపభేదానికి ప్రధాన కారణం పదార్థమే. సీసపు పూతలో తగరపు భస్మం కలిపితే అది తెల్లగా, అపారదర్శకంగా మారుతుంది. కాల్చక ముందు ఆ పూత పొడిగా ఉండి కుంచెలోని తడిని తక్షణమే పీల్చుకుంటుంది. గీసిన గీతను చెరిపి దిద్దే వీలులేదు. పైగా కోబాల్టు, రాగి, ఆంటిమొనీ, మాంగనీసు వంటి తీవ్రమైన వేడికి నిలిచే కొద్ది లోహాల రంగులే చిత్రకారునికి శరణ్యం. అందువల్ల రేక ఒక్క విసురులో పూర్తికావాలి. వంపు పళ్లెం గుండ్రతనానికి లొంగాలి. అంచున వాలుగా సాగే నీలి గీతలలోనూ ఇదే వేగం కనిపిస్తుంది. దీనిని చేతకానితనంగా భావించే విమర్శ డచ్చి పుష్పచిత్రాల కొలమానాన్ని కుమ్మరి పనికి అనుచితంగా వర్తింపజేస్తున్నది.

డెల్ఫ్ట్ అన్న పేరు ఈ పాత్రలకు తర్వాత అంటుకున్నదే. ఈ విద్యను 1567లో నార్విచ్‌కు తెచ్చినవారు ఆంట్‌వర్ప్ కుమ్మరులు. లండన్ మ్యూజియంలోని 1600 నాటి పళ్లెం ఈ సందర్భంలో గమనార్హం. దానిపై రాసిన పద్యపంక్తి ఎర్ర గులాబీని, పచ్చని ఆకులను పేర్కొని ఎలిజబెత్ రాణికి క్షేమం కోరుతుంది. చిత్రంలో మాత్రం గులాబీ లేదు, బురుజుల కట్టడాలున్నాయి. పువ్వు అక్షరాలలోనే ఉండిపోయింది.