బి.ఎం.డబ్ల్యు. ముద్ర: ఒక బొమ్మ చెప్పిన చరిత్ర

నేడు ఖరీదైన కార్లకు పేరొందిన జర్మను సంస్థ బి.ఎం.డబ్ల్యు. 1929లో ఒక విమానయంత్రమును గూర్చి ప్రకటన వెలువరించినది. అందులో విమానపు ప్రొపెల్లరు తిరుగుచుండగా, ఆ సుడిలో సంస్థ ముద్ర కానవచ్చును. నీలపు భాగములు ఆకాశముగను, తెల్లనివి తిరుగు రెక్కలుగను తోచును. బొమ్మగా దానికి వంక పెట్టుటకు లేదు. ఒక్క చూపుతో మనసున నాటుకొనును. చిక్కు కూడ అచ్చటనే వచ్చినది. ఆ ముద్ర ప్రొపెల్లరునుండియే పుట్టినదని లోకము నమ్మినది.

నిజమునకు ఆ ముద్ర నమోదైనది 1917లో; ప్రకటనకంటె పండ్రెండేండ్లు పెద్దది. నల్లని వలయము రాప్ అను పూర్వపు యంత్రశాల ముద్రనుండి వచ్చినది. నీలము, తెలుపు బవేరియా రాష్ట్రపు రంగులు. రాజ్యచిహ్నములను వ్యాపారముద్రలలో వాడరాదను చట్టముండుటచే వాని వరుసను తారుమారు చేసిరి. చట్టమునకు లోబడిన చిన్న ఉపాయమిది. ఆకాశముతో దీనికి పనిలేదు.

ప్రకటన మరుగుపరచినది ఇంకొకటి కలదు. అది పొగడిన యంత్రము అమెరికాలోని ప్రాట్ అండ్ విట్నీ వారి నమూనా, బి.ఎం.డబ్ల్యు. దానిని లైసెన్సుపై తయారుచేసినది. ఆ యేటనే ఆ ముద్రతో అమ్మిన చిన్న కారు కూడ ఇంగ్లండు ఆస్టిన్ 7 నమూనాయే. దానిని లైసెన్సుపై చేయుచుండిన ఐసెనాక్ కర్మాగారమును సంస్థ 1928లో కొన్నది.

గొప్పగా చెప్పుకొనదగినది లేకపోలేదు. పైకి పోయినకొలది గాలి పలుచబడును. సిలిండరులో ఇంధనము మండుటకు వలయు ప్రాణవాయువు తగ్గి యంత్రబలము క్షీణించును. 1917లో మాక్స్ ఫ్రిట్జ్ అను ఇంజనీరు, సిలిండరులలో వాయుమిశ్రమమును మామూలుకంటె ఎక్కువగా నొక్కునట్లు యంత్రమును నిర్మించెను. నేలదగ్గర కార్బురేటరు ద్వారమును కొంత మూసియుంచి, ఎత్తునకు చేరిన పిదప పూర్తిగా తెరచునట్లు అమర్చెను. ఆ వంశపు యంత్రముతోనే ఫ్రాంజ్ డీమర్ 1919 జూన్‌లో 9,760 మీటర్ల ఎత్తునకు ఎగిరెను. వెర్సేల్స్ సంధి జర్మనీలో విమానయంత్రముల తయారిని నిషేధించుటతో ఫ్రిట్జ్ నేర్పు మోటారు సైకిలు వైపు మరలి, 1923లో ఫలించినది. తరగతిలో చెప్పదగిన కథ ఇది. బొమ్మలో ఇది లేదు.

1942లో సంస్థ పత్రికయే ప్రొపెల్లరు కథను మరల వల్లించినది. ఆ యుద్ధకాలముననే మ్యూనిక్ చెంత అల్లాఖ్ కర్మాగారములో డఖౌ నిర్బంధశిబిరపు ఖైదీలచే విమానయంత్రముల పని బలవంతముగా చేయించిరి. కథ తప్పనియు, ఖైదీల మాట నిజమనియు ఆ సంస్థయే తరువాతి కాలమున ఒప్పుకొన్నది.