తోక చూసి చెప్పాలి

దిగువ అహోబిలంలో కొబ్బరికాయల అంగడి పెట్టుకున్న అక్కను "ఇవి ఏ రకం కోతులక్కా?" అని అడిగితే, "కోతుల్లో రకాలేంది సామీ, అన్నీ దొంగలే" అంటుంది. అంటుందే గానీ, ఏది చేతిసంచి లాగుతుందో, ఏది కసిరితే పోతుందో, ఏ తల్లి పిల్లను కరుచుకుని ఉన్నప్పుడు జోలికి పోకూడదో ఆమెకు కంఠతా వచ్చు. కోతుల శాస్త్రం మొదలయ్యేది ఇక్కడే. చదువుకున్నవాళ్లు దానికో పద్ధతి పెట్టారు, అంతే.

ఆ పద్ధతి నాకు ఇష్టమైన వ్యాపకం. ఆళ్లగడ్డ వైపు పని పడితే ఒక పూట మిగుల్చుకుని పుస్తకం, పెన్సిలు పట్టుకుని అహోబిలంలో కూర్చుంటాను. కోతుల మందను ఊరికే చూస్తే కంటికి ఆనేది కొట్లాటలూ దొంగతనాలే. 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి విరుగుడు రాశారు. ఒక్క జంతువును ఎంచుకోవాలి, గడువు పెట్టుకోవాలి, ఆ గడువు తీరేదాకా అదేం చేస్తే అది రాయాలి. పక్కన యుద్ధం జరుగుతున్నా తల తిప్పకూడదు. నేను ఎంచుకునేది ఎక్కువగా ముసలి ఆడకోతినే. దవడ సంచుల్లో కుక్కుకున్న శనగలు తీరిగ్గా నములుతుంది, ఇంకోదాని వీపు మీద వెంట్రుకలు పాయలు తీసి వెతుకుతుంది, ఆవులిస్తుంది, మళ్లీ వెతుకుతుంది. కాగితం నిండుతుంది గానీ 'అల్లరి' అన్న మాట రాయాల్సిన పని పడదు.

ఇలా చూస్తూ పోతే తోక దగ్గర ఆగుతాం. దక్షిణాదికి సొంతమైన బానెట్ మకాక్ అనే కోతికి తోక పొడుగు, నడినెత్తి మీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టు చుట్టూ పరుచుకుని ఉంటాయి. ఉత్తరాది నుంచి దిగుతున్న రీసస్ కోతికి తోక అందులో సగం, పిరుదుల వైపు వొళ్లు ఎర్రబారి ఉంటుంది. కొండముచ్చుల్లోనూ తోకదే తీర్పు. కొస తల వైపు వంగితే ఉత్తరాది రకం, వెనక్కి వంగితే దక్షిణాది రకం. అన్నట్టు, ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో నిలబడే ఆంజనేయస్వామికి తోక తల మీదుగా లేచి, చివర గంటతో ఉండటం కద్దు. అది విజయనగర కాలపు మధ్వ గురువు వ్యాసరాయల నాటి సంప్రదాయం. నల్లమలలో తిరిగే కొండముచ్చుల లెక్క వేరు.

బానెట్, రీసస్ తేడాతో ఎవరికి పని? బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌కు చెందిన సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తమ సహచరుడితో కలిసి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. రీసస్ గోదావరి దాటి దక్షిణానికి వచ్చేస్తోందని, బానెట్ చోటును ఆక్రమిస్తోందని దాని సారాంశం. ఇప్పుడు అంతర్జాతీయ ఎర్ర జాబితాలో బానెట్ ముప్పున్న జాతి. మనం ఊళ్లో బెడద అని పట్టిస్తాం, బోన్లలో వేసి ఏ అడవి అంచునో వదిలేయిస్తాం. ఏ రకం కోతిని ఏ రకం అడవిలో వదిలారని అడిగినవాళ్లను నేను చూడలేదు. బానెట్, రీసస్ లాంటి మకాక్‌లలో ఆడవి చాలావరకు పుట్టిన మందను విడవవు, మగవే ఎదిగాక వేరే మందకు పోతాయి. అందుకే సగం మందను పట్టి దూరంగా వదలడమంటే కాపురాలు విడగొట్టడమే. చెదిరిన కోతి తిండి వెతుక్కుంటూ మళ్లీ ఏదో ఊరికే చేరుతుంది. సమస్య తీరదు, పంచాయతీ మారుతుంది.

కోతుల కోసమే కేంద్రం అంటే మనవాళ్లకు జైలో ఆస్పత్రో గుర్తొస్తుంది. జపాన్‌లోని ఇనుయామాలో 1956లో పెట్టిన మంకీ సెంటర్ అలాంటిది కాదు. పరిశోధన, జంతుప్రదర్శనశాల, పిల్లలకు పాఠాలు అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. కోతికో పేరు పెట్టి తరాల తరబడి చూడటం జపాన్‌వాళ్ల విద్య. అక్కడి శాస్త్రవేత్త సుగియామా 1960ల మొదట్లో మన పొరుగున ధార్వాడకు వచ్చి కొండముచ్చుల వెంట తిరిగాడు. మందను గెలుచుకున్న కొత్త మగది పాత పిల్లలను చంపడాన్ని లోకానికి చెప్పింది ఆయనే.

తెలుగునేలపై నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు. పట్టుకొచ్చిన కోతులకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేసి, కోలుకున్నాక వదలడం దాని పని. మంచిదే, కానీ అది సగం పనే. ఏ కోతి ఎక్కడుందో లెక్క తెలియడం మిగతా సగం. అదే ఏడాది హైదరాబాదు టీకా కోవాగ్జిన్‌ను పరీక్షించడానికి 20 రీసస్ కోతులు కావాల్సి వస్తే మహారాష్ట్ర అడవుల్లో వెతికి పట్టాల్సి వచ్చింది. ఒకప్పుడు విదేశీ ప్రయోగశాలలకు లక్షల్లో పంపి, 1978లో ఆ ఎగుమతిని నిషేధించిన దేశం మనది.

నంద్యాల జిల్లాలోనూ కోతుల కేంద్రం ఒకటి రావాలని అడిగేవాళ్లు ఉన్నారు. నేనూ అడుగుతాను, కాకపోతే భవనాన్ని చివర్లో కట్టమంటాను. ముందు ఆళ్లగడ్డ, నంద్యాల కాలేజీ పిల్లలకు తోకలు, ముఖాలు చూడటం నేర్పి అహోబిలంలో, మహానందిలో, గిద్దలూరు ఘాట్‌లో కూర్చోబెట్టాలి. మహానంది అరటితోటల్లోకి ఏ మంద ఏ దారిన, ఏ నెలలో దిగుతోందో రైతులతో కలిసి పటం గీయాలి. 2022 సవరణతో రీసస్ వన్యప్రాణి చట్టం జాబితాల్లోంచి జారిపోయింది గనక, పట్టేవాడికి ముందుగా కోతిని గుర్తుపట్టడం నేర్పాలి. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యే పనులే. ఘాట్ మలుపులో కారు ఆపి, పుణ్యమని అరటిపండ్ల గెల దించే భక్తుడితో మాట్లాడే పని ఉంది చూశారూ, దానికి మాత్రం పెద్ద జీతమిచ్చి మంచి మాటకారిని పెట్టుకోవాలి. శనివారాలు ఇద్దరిని.