దింపేటప్పుడే చిట్టా

మరిపెడలో డీటీపీ, జిరాక్స్ షాపుల కంప్యూటర్లు అప్పుడప్పుడు నా దగ్గరికొస్తుంటాయి. ఎక్కువగా వినేది ఒకటే మాట: "సార్, ఆ పాత సాఫ్ట్‌వేర్ తీసేసినం, అయినా పోతలేదు."

తీసేసినం అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేశారని. దాంతోపాటే 'అన్‌ఇన్స్‌000' డ్యాట్ ఫైలూ పోతుంది. ఇన్నో సెటప్‌తో ప్యాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు ఏ ఫైలు ఎక్కడ పెట్టాయో, రిజిస్ట్రీలో ఏం రాశాయో నమోదయ్యేది అందులోనే. టెంట్ హౌస్ వాళ్లు సామాను దింపేటప్పుడు రాసుకున్న లిస్టును చింపేసినట్టే. ఫాంట్లు, రిజిస్ట్రీ ఎంట్రీలు ఎక్కడివక్కడే మిగులుతాయి.

లినక్స్‌లో ఈ పద్దు పద్ధతిగా ఉంటుంది. 2005లో వచ్చిన మన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ 'స్వేచ్ఛ'కు పునాది అయిన డెబియన్‌నే తీసుకోండి. ప్రతి ప్యాకేజీకీ అందులో ఒక లిస్టు ఫైలుంటుంది. ప్యాకేజీ పేరు చెబితే ఫైళ్లు చూపిస్తుంది. ఫైలు చూపిస్తే ఏ ప్యాకేజీదో చెబుతుంది. ఈ రెండో ప్రశ్నకు విండోస్‌లో సూటి జవాబు దొరకదు.

చిక్కంతా సోర్స్ నుంచి 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టినప్పుడే. పద్దు రాసే దిక్కుండదు. 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' పనిచేయాలంటే రాసినాయన ఆ వెసులుబాటు పెట్టి ఉండాలి, చాలామంది పెట్టరు. అందుకే చెక్‌ఇన్‌స్టాల్ పుట్టింది. ఇన్‌స్టాల్ నడుస్తుండగా ఏ ఫైలు పుట్టినా ఆ పిలుపును దారిలోనే పట్టుకుని రాసుకుంటుంది, చివరికి ప్యాకేజీగా కట్టిస్తుంది. అదీ లేకుంటే మొదలుపెట్టే ముందు ఒక ఖాళీ ఫైలు సృష్టించి, పని అయ్యాక దానికన్నా కొత్తవి వెతకొచ్చు. కాపీ చేసేటప్పుడు కొన్ని ఫైళ్లు పాత తేదీతోనే దిగుతాయి కాబట్టి, 'ఫైండ్' ఆదేశంలో 'న్యూయర్' కాక 'సీన్యూయర్' వాడాలి. ఈ ఒక్క అక్షరం చాలామందికి తట్టదు.

ఎంత మంచి చిట్టా అయినా ఇన్‌స్టాల్ నాటి సంగతే చెబుతుంది. తర్వాత పుట్టిన లాగులు, క్యాష్, మనం చేసుకున్న పనీ అందులో ఉండవు. డెబియన్‌లో 'రిమూవ్' అంటే సిస్టమ్ సెట్టింగులు ఉంటాయి, 'పర్జ్' అంటే అవీ పోతాయి. హోమ్ ఫోల్డర్ జోలికి మాత్రం రెండూ వెళ్లవు. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడున్నది సాఫ్ట్‌వేర్ సొత్తు కాదు, మనిషిది. క్లీనర్ల పేరుతో అన్నీ ఊడ్చే ప్రోగ్రాముల కన్నా ఈ మొహమాటమే నయం.

విండోస్‌లో ఫోల్డర్ ఇప్పటికే డిలీట్ చేసేసినవాళ్లు అదే వెర్షన్ మళ్లీ అదే చోట ఇన్‌స్టాల్ చేసి, కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసి చూడండి. చాలాసార్లు అంతటితో తేలిపోతుంది.