మరుక్షణం మళ్ళీ సిద్ధం

మన తలలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. మనం ఆదమరిచి నిద్రపోయినా అవి పని ఆపవు. పాఠాల్లో వాటి గురించి ముందుగా చెప్పేది వార్తలు మోసే సంగతి. నన్ను అంతకన్నా అబ్బురపరిచేది ఆ తరవాతి పని. ఒక వార్త పంపిన మరుక్షణమే నాడీకణం తనను తాను సర్దుకుని ఇంకో వార్తకు సిద్ధమవుతుంది. దాని పనితనమంతా ఆ సర్దుకోవడంలోనే ఉందని నా నమ్మకం.

ఈ కణానికి వార్తలు అందుకునేవి డెండ్రైట్లు, ముందుకు పంపేది ఆక్సాన్. వెన్ను అడుగు నుంచి పాదం దాకా సాగే ఆక్సాన్ దాదాపు మీటరు పొడవుంటుంది. అంతా కలిసి ఒకే కణం!

కైకలూరు వైపు చేపల చెరువులు చూసినవారికి ఇకపై చెప్పేది సులువుగా అర్థమవుతుంది. గట్టుకు అటు నీటిమట్టం ఎక్కువ, ఇటు తక్కువ ఉంటే తూము ఎత్తగానే నీరు దానంతటదే దూకుతుంది. తిరిగి అటు తోడాలంటే మాత్రం ఇంజను వెయ్యాల్సిందే. నాడీకణం పొర అలాంటి గట్టు. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. కణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి భాగం బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. వార్త రాగానే సోడియం తూములు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, ఆ తేడా కాస్తా తలకిందులవుతుంది. వెంటనే ఆ తూములు మూతపడి, పొటాషియం తూములు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోవడంతో కణం మొదటి స్థితికి వచ్చేస్తుంది. ఇదంతా జరిగేది ఒకటి రెండు మిల్లీసెకన్లలో.

అప్పుడే మూతపడిన సోడియం తూము కాసేపటిదాకా మళ్ళీ తెరుచుకోదు. అందువల్లనే వార్త వచ్చిన దారిన వెనక్కి పోకుండా ముందుకే సాగుతుంది. రవ్వంత ఆలస్యంతో దిక్కు కూడా నిర్ణయించేసిన ఈ పొదుపు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మయలిన్ అనే కొవ్వు పొర దట్టంగా చుట్టుకున్న కొన్ని ఆక్సాన్లలో వార్త సెకనుకు 100 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది.

ఒక్కో వార్తకు లోపలికి వచ్చే సోడియం చాలా కొద్ది. అయినా తోడకుండా వదిలేస్తే కొంతసేపటికి రెండు వైపులా సమమైపోయి, ఇక ఏ వార్తా కదలదు. తోడే పని ఒక ప్రోటీన్‌ది. 1957లో దాన్ని వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. విడతకు మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. అందుకు ఖర్చు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి.

ఏటీపీ మాట వచ్చింది కనుక మన పొరుగున ఉన్న భీమవరం మాటా చెప్పాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో ఏటీపీని గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. శరీరం బరువులో రెండు శాతమే ఉండే మెదడు శరీరం వాడే శక్తిలో అయిదో వంతు తీసుకుంటుంది. అందులో పెద్ద భాగం ఈ తోడే పనికే పోతుంది. పరీక్ష రోజు టిఫిన్ మానేసే పిల్లలు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఆక్సాన్ కొస సాధారణంగా పక్క కణాన్ని తాకదు. మధ్యలో 20 నుంచి 40 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ కూడలే సైనాప్స్. విద్యుత్తు కొసకు చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది. అది వస్తేనే అక్కడి సన్నని సంచుల్లోని రసాయనం ఖాళీలోకి ఒలుకుతుంది, పక్క కణం దాన్ని అందుకుంటుంది. కొన్ని రసాయనాలు ఆ కణాన్ని పురిగొల్పుతాయి. గాబా లాంటివి వద్దని ఆపుతాయి. రెంటినీ కూడుకునే అది తన వార్త పంపాలో మానాలో తేల్చుకుంటుంది. ఇక పని ముగిసిన రసాయనం అక్కడే నిలిచిపోకూడదు. ఎసిటైల్‌కోలిన్‌నే తీసుకోండి. దాన్ని విడగొట్టడానికి ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ అక్కడే కాచుకుని ఉంటుంది. ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకు వేల అణువులను విడగొడుతుంది. మిగిలిన కోలిన్‌ను మొదటి కణమే లోపలికి తీసుకుని మళ్ళీ వాడుకుంటుంది. వృథా అన్న మాటే లేదు.

ఈ సర్దుబాటు చెడితే ఏమవుతుందో 2020 డిసెంబరులో ఏలూరు చూసింది. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఫిట్స్ వచ్చి పడిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. మూర్ఛ, కాసేపు మతిమరుపు, వాంతులు, తలనొప్పి. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తరవాతి పరిశీలనలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. సీసం కాల్షియం దారికి అడ్డం పడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఆ ఎంజైమ్‌నే కట్టిపడేస్తాయి. డీడీటీ లాంటివి సోడియం తూములను సరిగా మూసుకోనివ్వవు. ఈ మందులు చేరితే వార్త పంపడం ఆగదు, ముగించడమే కుదరదు. అప్పుడు వేల కణాలు ఒకేసారి అదుపు లేకుండా వార్తలు పంపుతాయి. ఫిట్స్ అంటే అదే. ఏలూరులో చాలామంది కొద్ది నిమిషాల్లోనే తేరుకున్నారు. మెదడుకు తనను తాను చక్కబెట్టుకునే శక్తి అంతటిది.

కాబట్టి మీ ముందు ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టకండి. నోట్లో ఏమీ కుక్కకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తనిదేదైనా ఉంచి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.