జాంతియూ గ్రామ స్మారకము

యుద్ధమున మడిసినవారికి స్మారకములు నిలుపుట సర్వదేశములయందును గల యాచారము. వానిని చూచి నమస్కరించువారు పెక్కురు గాని, గ్రంథమువలె చదువువారు తక్కువ. స్మారకము సైతము ఒక చిన్న కావ్యమే. దానికిని వస్తువు, రసము, ఔచిత్యము కలవు. ఆ దృష్టితో ఫ్రాన్సు దేశమునందలి యొక గ్రామ స్మారకమును ఇచట పరిశీలింప దలచితిమి.

1914 మొదలు 1918 వఱకు జరిగిన సంగ్రామమున ఫ్రాన్సు 13 లక్షలకు పైగా సైనికులను కోల్పోయెను. 1919 అక్టోబరు నాటి శాసనము స్మారకనిర్మాణమునకు ప్రభుత్వ సాహాయ్యమును ఏర్పఱచెను. కొలది యేండ్లలోనే స్మారకము లేని గ్రామ మరుదయ్యెను. వానిలో పెక్కింటిపై "ఫ్రాన్సుకై మరణించిరి" యను వాక్యమును, మృతుల పేర్లును ఉండును. కొన్నిట తుపాకి దాల్చిన సైనికుడును, కొన్నిట కోడిపుంజును కానవచ్చును.

క్రూజ్ మండలమున జాంతియూ గ్రామమువారు 1922లో నిలిపినది వేరు. అచట సైనికుడు లేడు. బడిపిల్లలు తొడుగు పైయంగీతో, కొయ్యజోళ్లతో, టోపీ చేతబట్టుకొని యొక అనాథ బాలుడు నిలిచియున్నాడు. రెండవచేతి పిడికిలి బిగించి స్తంభముపై చెక్కిన మాటలను చూపుచున్నాడు: "యుద్ధము శపింపబడుగాక!" చిరకాలము అధికారులు దానికి ప్రారంభోత్సవము జరుపరైరి.

వీరుల సన్నిధిని శాపవచనము తగదని కొంద రాక్షేపింతురు. మేము అంగీకరింపజాలము. వ్యాసుడు యుద్ధకథను విజయముతో ముగింపలేదు; స్త్రీపర్వమున గాంధారిని రణభూమికి గొనివచ్చెను. ఆమె కొడుకులకై విలపించి కృష్ణునే శపించెను. ఆ శాపమువలన మృతుల గౌరవము తగ్గెనని చదివినవా రెవ్వరును తలపరు. భారతమున ప్రధానరసము శాంతమని ఆనందవర్ధనుడు నిర్ణయించుటయు ఊరక గాదు.

మన వీరగల్లులను చూడుడు. పెక్కింట క్రింద యుద్ధము, నడుమ అప్సరసలు వీరుని గొనిపోవుట, పైన శివసాన్నిధ్యము. వీరుడు విడిచిపోయిన యిల్లు ఏ ఫలకమునను లేదు. సతీశిలలపై గాజులతోడి చేయి యెత్తబడియుండును గాని, అది చితి నెక్కినదాని చేయి. బ్రదికియున్న వితంతువునకు మన శిలలపై చోటు దొరకలేదు. ఇండ్లలో దొరకిన చోటెట్టిదో మన మెఱుగుదుము. జాంతియూ బాలుడెత్తిన చేయి బ్రదికినవాని చేయి. మన శిల్పులు విడిచిన ఫలకమును ఆ గ్రామమువారు చెక్కించిరి. ఈ శిల్పమున మాకు కానవచ్చిన గుణమిదియే.

దోషమును గూడ చెప్పవలెను. ఇచట శాపము యుద్ధమునకే గాని, యుద్ధము చేయించినవారికి తగులదు. యుద్ధము తుపానువలె తనంత వచ్చునది కాదు. మనుష్యులు నిర్ణయింపగా వచ్చును. గాంధారి అట్లు శపింపలేదు. ఆపగలిగియు ఆపనివానిని ఎదుట నిలిపి, పేరుపెట్టి యడిగెను. ఆ తెగువ ఈ శిలకు లేదు. అయినను, శాపము మాట తలపెట్టినంతనే అధికారులు మొగము చాటువేసిరనగా, ఆ యొక్క వాక్యమునకైన ధైర్యము సామాన్యము కాదని యొప్పుకొనవలెను.

మన యూళ్లలో స్మారకము నిలుపబూనువారు పోయినవారి పేర్లను తప్పక చెక్కింపవలసినదే. కాని చెక్కించుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందురుగాక: వారు పోగా ఈ యూర మిగిలినవారెవరు? వారి కేమి చేసితిమి?